కుటుంబ ప్రార్థనలో మా ఆయన పిల్లాడి మార్కులు చదువుతున్నారు. ఏం చేయాలి?

మూడో_అంతస్తు_అమ్మ
మా ఇంట్లో రాత్రి తొమ్మిదికి కుటుంబ ప్రార్థన. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాం, 15 ఏళ్లుగా నడుస్తోంది. ఒక పాట, బైబిల్లో ఒక అధ్యాయం, ఆ తర్వాత మా ఆయన ప్రార్థన, చివర్లో పరలోక ప్రార్థన అందరం కలిసి. పావుగంటలో అయిపోతుంది. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగు.

ఈ ఏడాది నుంచి మా ఆయన ప్రార్థన మారిపోయింది. "ప్రభువా, లెక్కల్లో 38 మార్కులు తెచ్చుకున్న ఈ బిడ్డను కనికరించండి. తండ్రి వద్దన్నా దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని చూస్తున్న ఈ బిడ్డ కళ్లు తెరవండి. మొన్న నానమ్మకు ఎదురు సమాధానం చెప్పిన ఈ నోటిని అదుపులో పెట్టండి..." ఇలా సాగుతుంది. పాప ఒక కన్ను తెరిచి అన్నయ్య వైపు చూస్తుంది. నేనూ కళ్లు తెరిచాను కాబట్టే నాకది కనిపించింది, అది వేరే సంగతి.

పోయిన మంగళవారం వాడు ఆమెన్ అనలేదు. లేచి వెళ్లిపోయాడు. తర్వాత వంటింట్లోకి వచ్చి, "నాన్న దేవుడితో మాట్లాడట్లేదమ్మా, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నన్ను తిడుతున్నాడు. ఇంక నేను కూచోను" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వాడన్నది నిజమే. అవునురా అంటే తండ్రిని తక్కువ చేసినట్టు. ఆయనతో చెబితే "నువ్వే వాణ్ణి వెనకేసుకొస్తున్నావు" అంటారు. నాలుగు రోజులుగా తొమ్మిది కొట్టగానే వాడు బాత్రూంలోకి దూరుతున్నాడు. తలుపు బయట మేం పాట పాడుతుంటాం, లోపల నీళ్ల చప్పుడు. మీ ఇళ్లలో ఎలా నడుస్తోందో చెప్పండి.

ఒంగోలు_గిత్త
దుప్పటి కింద ఫోన్ సంగతి దేవుడికి ముందే తెలుసు కదా. మళ్లీ రిపోర్ట్ ఎందుకు?

వీబీఎస్_టీచర్
నవ్వొచ్చింది గానీ ఆ బాబు బాధ నాకు తెలుసు. మా అమ్మ గృహకూడికలో ఇరవై మంది ముందు "29 ఏళ్లొచ్చినా ఇంకా సంబంధం కుదరని నా కూతురిని" అని కన్నీళ్లతో ప్రార్థించింది. ఆమెన్ అనగానే ముగ్గురు ఆంటీలు నా చుట్టూ చేరి బయోడేటా అడిగారు. ప్రార్థనకు జవాబు అంత తొందరగా వస్తుందని అప్పుడే తెలిసింది.

రిటైర్డ్_హెడ్మాస్టర్
నవ్వులు తర్వాత. అమ్మా, నీ భర్తను తప్పు పట్టే ముందు ఒక్క మాట విను. నేను చూసిన చాలా ఇళ్లలో ప్రార్థన అంటే తల్లి పని. తండ్రి టీవీ సౌండ్ తగ్గిస్తే అదే గొప్ప. 15 ఏళ్లు వరుసగా రాత్రి కూచుని ప్రార్థన చేసే తండ్రి ఆ పిల్లాడికి దొరికాడు. "నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును" అని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో ఉంది. పిల్లల తప్పు తెలిసి కూడా అడ్డగించనందుకు యాజకుడైన ఏలీ ఇల్లు ఏమైందో 1 సమూయేలులో చదవండి. తప్పును తప్పని చెప్పకపోతే అది ప్రేమ కాదు.

నాలుగో_వరస
అయ్యగారూ, తప్పును తప్పని చెప్పొద్దని ఇక్కడ ఎవరన్నారు? మొహం చూసి చెప్పమంటున్నాం. ప్రార్థనలో పక్కవాడి లెక్క తీసినవాడు బైబిల్లో ఒకడున్నాడు. లూకా 18లో పరిసయ్యుడు, తన భక్తి చూసుకుని గొప్పలు పోయినవాడు. "ఈ సుంకరివలెనైనను ఉండనందుకు" అని వెనక నిలబడిన పన్నులు వసూలు చేసేవాణ్ణి చూపించి మరీ ప్రార్థించాడు. వాడు నీతిమంతుడిగా ఇంటికి వెళ్లలేదని ప్రభువే చెప్పాడు.

రిటైర్డ్_హెడ్మాస్టర్
పరిసయ్యుడు తనను పొగుడుకున్నాడు. ఈ తండ్రి బిడ్డ కోసం ఏడుస్తున్నాడు. రెండూ ఒకటి కావు.

నాలుగో_వరస
ఆ తేడా పిల్లాడికి తెలియాలి కదా. వాడికి వినిపించేది "ఈ బిడ్డ, ఈ బిడ్డ" అన్నదే.

చిన్నక్క_హైదరాబాద్
యోబును చూడండి. పిల్లలు విందుల్లో ఏం తప్పు చేశారోనని తెల్లవారుజామునే లేచి ఒక్కొక్కరి పేరున దహనబలి ఇచ్చేవాడు. పిల్లల్ని ఎదురుగా కూచోబెట్టుకుని కాదు. వాళ్లు నిద్రపోతుండగా.

రిటైర్డ్_హెడ్మాస్టర్
1:5 మళ్లీ చదవండి. "వారిని పిలువనంపించి వారిని పవిత్రపరచి" అని ఉంది.

చిన్నక్క_హైదరాబాద్
చదివాను. మీరన్నది నిజమే, పిలిపించాడు. కానీ "పాపము చేసి... దూషించిరేమో" అన్నాడు. చేశారేమో అన్న అనుమానానికే బలి ఇచ్చాడు. ప్రోగ్రెస్ కార్డు చదవలేదు.

ఒంగోలు_గిత్త
హెడ్మాస్టర్ గారికి ఒకటి, అక్కకు ఒకటి. స్కోరు సమానం.

పాస్టర్‌గారబ్బాయి
ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకుంది అనుకుంటున్నా. హ్యాండిల్ చూసే ఉంటారు.

మా నాన్న ప్రార్థనలో కాదు, ఏకంగా ప్రసంగంలోనే నన్ను వాడేవారు. శనివారం ఇంట్లో ఏం జరిగితే ఆదివారం అది ఉపమానం. నేను కానుకల పెట్టెలో వేయమన్న రెండు రూపాయలతో ఐస్ కొనుక్కున్నాను, ఆ వారం బైబిల్లో దేవుడి సొమ్ము దొంగిలించిన ఆకాను కథతో పాటు నా కథ కూడా వచ్చింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. సంఘమంతా నవ్వింది. బయటికొచ్చాక ఒక తాతయ్య నా బుగ్గ గిల్లి "ఏం ఆకానూ" అన్నాడు. ఇంటర్ అయ్యేదాకా ఆ వీధిలో నా పేరు అదే.

మా నాన్న చెడ్డవాడు కాదు. జీతం సరిగా అందని రోజుల్లో సైకిల్ మీద మూడు ఊళ్లు తిరిగి ఆరాధన చేసేవారు. ఆయనకు అది ఉదాహరణ. నా దృష్టిలో మాత్రం, ఇంట్లో జరిగింది ఇంట్లో ఉండదని తేలిపోయింది. అక్కడి నుంచి ఇంట్లో ఏమీ చెప్పడం మానేశాను. డిగ్రీలో ఒక సబ్జెక్టు పోయినప్పుడు మా నాన్నకు తెలిసింది ఆర్నెల్ల తర్వాత, అదీ పక్కవాళ్ల ద్వారా.

అమ్మా, మీ వాడు లేచి వెళ్లిపోయాడు అన్నారు. కానీ వంటింట్లోకి వచ్చి మీతో చెప్పాడు. నేనెప్పుడూ అలా చెప్పలేదు. దానికి సంతోషించండి.

మూడో_అంతస్తు_అమ్మ
మీరు రాసింది రెండుసార్లు చదివాను. చివరి ముక్క దగ్గర ఏడుపొచ్చింది.

పొద్దుటూరు_బిడ్డ
బెత్తం వాడనివాడు తన కుమారునికి విరోధి అని సామెతలు 13:24. మేమంతా దెబ్బలు తిని పెరిగినవాళ్లమే, ఏమైపోయాం? రెండు తగిలిస్తే తొమ్మిదింటికి వచ్చి కూచుంటాడు.

నాలుగో_వరస
కూచుంటాడు. పద్దెనిమిదేళ్లు రాగానే హాస్టల్‌కు పోతాడు, తర్వాత క్రిస్మస్‌కు కూడా చర్చికి రాడు. "తండ్రులారా, మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" అన్నది కూడా అదే బైబిల్లో ఉంది అన్నా. కొలొస్సయులకు 3:21.

రిటైర్డ్_హెడ్మాస్టర్
బెత్తం విషయంలో మాత్రం నేను పొద్దుటూరు పక్షం కాదు. 31 ఏళ్లు బడిలో పనిచేశాను. మొదటి పదేళ్లు కొట్టాను. కొట్టినవాళ్లు ఎదురైతే ఇప్పటికీ వంగి దండం పెడతారు, కాని ఒక్కడూ ఇంటికొచ్చి కూచోడు. కొట్టనివాళ్లు వస్తారు.

గుణదల_మెట్లు
మేం ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. మా ఇంట్లో ఈ గొడవ లేదు. ఎందుకంటే జపమాలలో మార్కులు దూర్చడానికి సందు లేదు! మంగళవార్త జపం ఎవరు చెప్పినా అదే. తప్పులు చెప్పుకునేది పాపసంకీర్తనంలో. అదీ ఎవరి తప్పులు వాళ్లే, గురువుగారి చెవిలో. చిన్నప్పుడు అదంతా యాంత్రికంగా ఉందని అనిపించేది. ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లినయ్యాక ఆ కట్టుబాటు ఎందుకు పెట్టారో కొంచెం అర్థమవుతోంది.

ఒంగోలు_గిత్త
సందు లేదు సరే, నిద్ర సంగతేంటి అక్కా? మా పక్కింటివాళ్లు మీవాళ్లే. మూడో పది పూసల దగ్గరికి వచ్చేసరికి గోడ ఇవతలికి గురక వినిపిస్తుంది.

గుణదల_మెట్లు
గురక మా ఆయనది కూడా కావచ్చు. మరియమ్మ తల్లి కదా, అర్థం చేసుకుంటుంది. ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు కొండ మెట్లెక్కేటప్పుడు మాత్రం ఎవరికీ నిద్ర రాదు.

డల్లాస్_డాడీ
మా ఇంట్లో సమస్య వేరే. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, బైబిల్ తెలుగు రాదు. నేను ఎందుకంటే అనడానికి "ఏలయనగా" అనగానే ఇద్దరూ నవ్వు ఆపుకోలేరు. 23వ కీర్తనలో "నాకు లేమి కలుగదు" అని చెప్పిస్తుంటే చిన్నది అడిగింది, "డాడీ, లేమి అంటే ఎవరు? ఆమె ఎందుకు కలగదు?" అని. నేను ఇరవై ఏళ్లుగా ఆ వాక్యం చెబుతున్నా, లేమి అన్న మాటను విడిగా ఎప్పుడూ ఆలోచించలేదు. కూచుని వివరించాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటడం, పండక్కి కొత్త బట్టలు రాకపోవడం, మా నాన్న అప్పు కోసం ఊళ్లోకి వెళ్లడం. వాళ్లకు అవేవీ తెలియదు. ఆ రాత్రి ప్రార్థన అరగంట నడిచింది, అందులో ఇరవై నిమిషాలు కథలే.

వీబీఎస్_టీచర్
డల్లాస్ దాకా ఎందుకు, విజయవాడ పిల్లలదీ అదే పరిస్థితి. ఇంగ్లిష్ మీడియం. మే నెలలో సెలవుల బైబిల్ బడి వీబీఎస్‌కు వచ్చిన 60 మందిలో తెలుగు బైబిల్ గడగడా చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కంఠత వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుంటారు. బహుమతి స్టీల్ గ్లాసు అన్నప్పుడు మాత్రం తెలుగు బాగా అర్థమవుతుంది.

పిడికెడు_బియ్యం
నా పేరు చూసి కొందరికి అర్థమయ్యే ఉంటుంది. కొత్తవాళ్ల కోసం చెబుతా. అన్నం వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయడం. వారమంతా అలా పోగైంది ఆదివారం చర్చికి పట్టుకెళతారు. ఆ బియ్యం పాస్టరు ఇంటికో, ఎవరూ లేని ముసలివాళ్లకో పోతుంది, లేదా అమ్మితే వచ్చిన డబ్బు సంఘం ఖర్చుకు. మా వైపు పల్లెల్లో ఆడవాళ్లు నడిపించిన పని ఇది.

మా నాన్న నాకు ఆరేళ్లప్పుడే పోయాడు. అమ్మ కూలికెళ్లేది. మాకు కుటుంబ ప్రార్థన అని ఒక టైమ్ లేదు. అమ్మకు చదువు రాదు. కాని ఆ డబ్బా మాత్రం పొయ్యి పక్కన ఉండేది, పాత డాల్డా డబ్బా. నెలాఖరుకు బియ్యం తగ్గినప్పుడు నేను అమ్మ చెయ్యినే చూసేదాన్ని. ఈ రోజు మానేస్తుందేమో అని. మానేది కాదు. పిడికిలి మాత్రం గట్టిగా బిగించేది, గింజలు తక్కువ పట్టేలా. ఒకరోజు "దేవుణ్ణి మోసం చేస్తున్నావా అమ్మా?" అన్నాను. "ఆయనకు నా పిడికిలి తెలుసులే" అంది.

ఇప్పుడు నాకు 44. గ్యాస్ పొయ్యి, కుక్కర్, సోనామసూరి. డబ్బా ఉంది. మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, చర్చికి పిలిస్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తుంది. కాని సెలవులకు వచ్చినప్పుడు తను వండితే పిడికెడు తీస్తుంది. నేను ఎప్పుడూ తీయమనలేదు.

కువైట్_నుంచి
అక్కా మీ అమ్మగారి మాట నా ఫోన్‌లో రాసి పెట్టుకున్నా.

నేను ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నా, ఏడేళ్లు. మా పాప కోనసీమలో మా అమ్మ దగ్గర. ఇండియాలో రాత్రి తొమ్మిది అయితే నాకు ఇక్కడ ఆరున్నర. సరిగ్గా వంట టైమ్. ఇమో యాప్‌లో కాల్ ఆన్ చేసి ఫోన్ సింకు పైన పెట్టుకుంటా, చేతులు నీళ్లలో ఉంటాయి, వాళ్ల ప్రార్థన వింటా. మాట్లాడను, వింటానంతే. మాకు ఇక్కడ చర్చి శుక్రవారం, అది కూడా సెలవు ఇస్తేనే.

పోయిన నెల మా పాప "యేసయ్యా, మా అమ్మ మడమ నొప్పి తగ్గించు" అంది. మడమ నొప్పి సంగతి నేను దానికి చెప్పలేదు. మా అమ్మకు చెప్పా. అమ్మ దానికి చెప్పినట్టుంది. నేను దూరంగా ఉన్నా నా గురించి ఆ ఇంట్లో మాట్లాడుకుంటున్నారని ఆ ప్రార్థన వల్లే తెలుస్తుంది నాకు. కాబట్టి చెల్లీ, ప్రార్థనలో మనిషి పేరు ఎత్తడం తప్పు అనకండి. ఎలా ఎత్తారు అన్నదే విషయం.

మూడో_అంతస్తు_అమ్మ
కువైట్ అక్కా, ఇది నాకు తట్టలేదు. మా ఆయన కూడా మొదట్లో అలాగే చేసేవారు. వాడికి మూడేళ్లప్పుడు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే ఆసుపత్రి వరండాలో మోకాళ్ల మీద కూచుని వాడి పేరు ఎన్నిసార్లు అన్నారో. అదే పేరు, అదే గొంతు. ఇప్పుడు వింటే వాడు చెవులు మూసుకుంటున్నాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి, దాచడం న్యాయం కాదు. వాడి స్కూల్లో ఆదివారం పొద్దున ఫౌండేషన్ టెస్టులు పెడుతున్నారు. ఆగస్టు నుంచి వాడు సండే స్కూల్‌కు వెళ్లలేదు. పంపింది మా ఆయనే. నేనూ వద్దనలేదు. టిఫిన్ బాక్స్ కట్టి ఇచ్చింది నేనే.

నాలుగో_వరస
ఇదీ అసలు సంగతి. ఆదివారం దేవుడికి టైమ్ లేదు, రాత్రి తొమ్మిదికి అదే దేవుడి ముందు లెక్కల మార్కులు అప్పజెప్పాలి. పేరుకు ప్రభువు ముందు కూచోబెట్టి ర్యాంకుకు మొక్కిస్తున్నాం. మీ ఒక్కరి ఇంట్లోనే కాదు, మా ఇంట్లోనూ. మా పెద్దవాడు ఇంటర్ చదివిన రెండేళ్లూ మేం వాణ్ణి ఈస్టర్‌కు కూడా తీసుకెళ్లలేదు.

డల్లాస్_డాడీ
మాకు ఇక్కడ సాకర్. పేరు మారింది, ఆదివారం అదే.

పాస్టర్‌గారబ్బాయి
ఎవరూ ఎవరి మీదా రాళ్లు వేయకండి. ఆ రెండేళ్లు ఫీజు కట్టినవాడికి తెలుస్తుంది ఆ టెన్షన్. మన తాతల్లో చాలామందికి చదువే బయటపడే దారి అయింది. మిషన్ బళ్లు లేకపోతే మా తాత పాలేరుగానే ఉండేవాడు. మార్కుల మీద భయం ఊరికే రాలేదు మన ఇళ్లలోకి.

ఒంగోలు_గిత్త
ఇది ఒప్పుకోవాలి. మా ముత్తాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మానికి మునిగినవాళ్లలో ఒకడని మా ఇంట్లో చెబుతారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలం, ఒకే రోజు 2,222 మంది. నిజంగా ఆయన ఉన్నాడో లేడో గానీ ఒంగోలు చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ ఒక ముత్తాత ఆ రోజు మునిగాడు. అందరూ చెప్పేది నిజమైతే 2,222 ఎప్పుడో దాటిపోయేది. ఏమైనా ఆ రోజు రేవులో ఎవరినీ లెక్కల్లో ఎంత వచ్చిందని అడగలేదు.

సగం_సగం
మీ అందరికీ కనీసం ఇంట్లో ఒకే దేవుడు. మా ఆయన హిందువు, ప్రేమ పెళ్లి. బాబుకు ఆరేళ్లు. నానమ్మ గుడికి తీసుకెళుతుంది, నేను చర్చికి. మొన్న ప్రసాదం లడ్డూ తెచ్చి "అమ్మా, ఇది తింటే యేసయ్య కోప్పడతాడా?" అని అడిగాడు. ఎవరు చెప్పారంటే సండే స్కూల్లో పక్క పిల్లాడు. ఏం చెప్పాలో తెలియక "ముందు చేతులు కడుక్కో" అన్నా.

పొద్దుటూరు_బిడ్డ
తినకూడదు. ఇందులో ఆలోచించేదేముంది?

చిన్నక్క_హైదరాబాద్
ఆలోచించేది ఉంది కాబట్టే పౌలు విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి 1 కొరింథీయుల్లో 8 నుంచి 10 దాకా మూడు అధ్యాయాలు రాశాడు. నేను తినను. కాని ఆరేళ్లవాడి చేతిలో నానమ్మ పెట్టిన లడ్డూ లాక్కోను. ముందు పెద్దవాళ్లు కూచుని మాట్లాడుకోవాలి. ఆ గొడవను పిల్లాడి నాలుక మీద పెట్టకూడదు.

సగం_సగం
చేతులు కడుక్కుని వచ్చేలోపు మా ఆయన తినేశాడు. ఈసారికి గట్టెక్కా.

ఒంగోలు_గిత్త
అసలు పిల్లలు వేసే కష్టమైన ప్రశ్న లడ్డూ కాదు. అబద్ధం ఆడకూడదని ముందు రోజు రాత్రి వాక్యం చదివి చెప్పా. తెల్లారి స్కూల్ ఫారం నింపుతుంటే మావాడు పక్కన కూచుని "నాన్నా, మతం అన్నచోట ఏం రాస్తున్నావ్?" అన్నాడు. నా పెన్ను ఆగిపోయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడని రాస్తే ఎస్సీ హోదా ఉండదు. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు లేదు. మనకు మిగిలింది ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లకు ఇచ్చే బీసీ-సీ. ఊళ్లో మమ్మల్ని చూసే చూపు మాత్రం బాప్తిస్మంతో మారలేదు. ఇదంతా పదేళ్లవాడికి ఎలా చెప్పను? చెప్పా, నాకు చేతనైనట్టు. క్రైస్తవుడని రాశాం. మా అన్న వేరేలా రాశాడు, వాణ్ణి నేను తప్పు పట్టను.

పిడికెడు_బియ్యం
తప్పు పట్టకపోవడమే మంచిది. ఆ పెన్ను ఆగిన చోట మా ఇంట్లో మూడు తరాలు ఆగాయి.

మోడరేటర్
ఈ విషయం పెద్దది, అవసరమైనది కూడా. కానీ ఇక్కడ మొదలుపెడితే అమ్మగారి ప్రశ్న కొట్టుకుపోతుంది. వేరే చర్చ తెరవండి, నేనూ వస్తా. ప్రసాదం మీద పోట్లాట కూడా ఇక్కడితో ఆపండి.

వరంగల్_పెద్దోడు
లేటుగా వస్తున్న. అందరూ పిల్లగాని గురించి మాట్లాడుతున్నరు, తండ్రి ఏం చేయొచ్చో నేను చెప్త. మా బాపు తాగేటోడు. అమ్మను కొట్టేటోడు. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మారుమనస్సు పొందిండు. ఇంట్ల మొదటిసారి ప్రార్థన చేస్త అని కూచున్నడు. మాకు భయం, ఇంకేం కొత్త గొడవనో అని. కండ్లు మూసుకున్నడు, చాలాసేపు ఏం అనలే. తర్వాత అమ్మ పేరు పెట్టి, "ఈమెను కొట్టిన, దేవా" అన్నడు. ఏ పండుగ నాడు కొట్టిండో, ఎందుకు కొట్టిండో కూడా చెప్పిండు. మేం నలుగురం కండ్లు తెరిచే ఉన్నం. అమ్మ మాత్రం మూసుకునే ఉంది.

ప్రార్థనల తప్పులు చదవొద్దని కాదు. ఎవరియి చదువుతున్నవ్ అన్నదే.

రిటైర్డ్_హెడ్మాస్టర్
దీనికి నా దగ్గర జవాబు లేదు. అమ్మా, నీ భర్తకు ఈ పోస్టు చూపించు.

గుణదల_మెట్లు
నాకు తెలిసి చేసి చూడదగినది ఒకటుంది. పోయిన తపస్సు కాలంలో, మీరు శ్రమల దినాలు అంటారు, ఆ 40 రోజులు మా ఇంట్లో రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్లన్నీ ఒక గిన్నెలో. పిల్లలవే కాదు, మా ఆయనవి రెండు, నాది ఒకటి. మొదటి వారం అందరికన్నా ఎక్కువ అల్లాడింది మా ఆయనే. అది చూసి పిల్లలు బుద్ధిగా ఉన్నారు. అంత సంతోషం వాళ్ల మొహాల్లో ఎప్పుడూ చూడలేదు.

మూడో_అంతస్తు_అమ్మ
వారం తర్వాత వస్తున్నా, క్షమించాలి. చెప్పాల్సింది కొంచెం ఉంది.

వరంగల్ తమ్ముడి పోస్టు ఒక్కటే చూపించాను. మిగతావి చూపిస్తే "నన్ను ఊరంతా పెట్టి తిట్టిస్తున్నావా" అంటారని భయం. చదివారు, ఫోన్ నాకిచ్చేసి స్నానానికి వెళ్లారు. ఆ రాత్రి పడుకున్నాక చీకట్లో అడిగాను, వాడి గురించి ప్రార్థనలోనే ఎందుకు చెబుతారు, వాడికే చెప్పొచ్చు కదా అని. చాలాసేపు పలకలేదు. నిద్రపోయారనుకున్నా. అప్పుడు, "వాడి మొహం చూసి చెబితే అరుస్తాను. కళ్లు మూసుకుంటే అరవను" అన్నారు.

వాళ్ల నాన్నగారు ఇంట్లో ఎలా అరిచేవారో నాకు తెలుసు, పెళ్లయిన మొదటి రెండేళ్లు చూశాను. ఈ మనిషి అరవకుండా ఉండటానికి వెతుక్కున్న దారి అదన్నమాట. నాకు ఇన్నేళ్లలో తెలియలేదు.

మర్నాడు వాడి గది తలుపు దగ్గర నిలబడి "ఇవాళ నువ్వు చెయ్యి ప్రార్థన, నేను చెయ్యను" అన్నారు. వాడు నమ్మలేదు. "నా గురించి చెప్పవా?" అన్నాడు. "చెప్పను." "ఏమీ చెప్పవా?" "నోరే తెరవను." వాడు వచ్చాడు, కాని తలుపు పక్కన గోడకు ఆనుకుని కూచున్నాడు, పారిపోవడానికి వీలుగా. పాప పాట ఎంచుకుంది, క్రిస్మస్ పాట, మాకు ఇప్పుడు వేసవి అయినా సరే. వాడి ప్రార్థన అర నిమిషం. నానమ్మ కాళ్లు, పాప దగ్గు, నాన్న బీపీ. చివర్లో "మా లెక్కల సార్‌కు కూడా బీపీ ఉందంట ప్రభువా, ఆయనకూ తగ్గించు, మాకు కొంచెం సులువవుతుంది" అన్నాడు.

మా ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకున్నా. నవ్వు.

ఆదివారం టెస్టు సంగతి ఇంకా తేలలేదు. రెండు వారాలకు ఒకసారి పంపుదాం అంటున్నారు. అసలు వద్దు అంటున్నా నేను. ఆ గొడవ మాత్రం మా ఇద్దరి మధ్య, కళ్లు తెరిచే నడుస్తోంది.

ఒంగోలు_గిత్త
లెక్కల సార్ కోసం మేం కూడా ప్రార్థిస్తాం. ఇంతకీ ఈసారి ఎంత వచ్చింది?

మూడో_అంతస్తు_అమ్మ
52. ఆ మాట ప్రార్థనలో రాలేదు. భోజనాల దగ్గర వచ్చింది, వాడే చెప్పాడు. ఆయన పప్పు వడ్డించుకుంటూ "ఊఁ" అన్నారు, ఇంకో మాట అనలేదు. పచ్చడి మాత్రం మూడుసార్లు వేసుకున్నారు.